సరిహద్దు దారిలో కారు ఆపి సోదా చేస్తామంటే ఏం చేయాలి

జయపురం నుంచి సాలూరు మీదుగా విశాఖ వెళ్లేవారు, బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాటేవారు, మల్కన్‌గిరి నుంచి మోటు మీదుగా చింతూరు వచ్చేవారు నన్ను అడిగేది ఒకటే. "రాత్రిపూట బండి ఆపి డిక్కీ తెరవమన్నారు. తెరవను అనే హక్కు మనకు ఉందా?" నేను కోర్టులో పనిచేసేవాణ్ని కాబట్టి వారానికి ఒకరైనా వస్తారు. చాలామంది వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. చదవని కాగితం మీద సంతకం పెట్టి వచ్చి ఉంటారు.

ముందు జవాబు చెబుతాను. తగిన కారణం ఉన్నప్పుడు పోలీసు అధికారి వారంటు లేకుండానే వాహనాన్ని సోదా చేయవచ్చు. దానికి మీ అనుమతి అక్కర్లేదు. "నేను సోదాకు ఒప్పుకోవడం లేదు" అని అడ్డం నిలబడమని ఫోనులో తిరిగే వీడియోలు చాలావరకు అమెరికా చట్టం చెప్పేవి. ఇక్కడ అలా నిలబడితే విధులకు ఆటంకం కలిగించారని భారతీయ న్యాయ సంహిత, అంటే నేరాలు, శిక్షలు చెప్పే చట్టం 221వ సెక్షన్ కింద మరో కేసు వస్తుంది. మన చట్టం మీకిచ్చిన రక్షణ వేరు. సోదా ఎవరి ఎదుట జరగాలో, ఏం రాయాలో, ఎవరికి నకలు ఇవ్వాలో అది చెప్పింది. సోదాను మీరు ఆపలేరు. జరిగింది జరిగినట్టు కాగితం మీదికి వచ్చేలా మాత్రం చూసుకోగలరు. కింద చెప్పేదంతా దాని గురించే.

బండిలో ఉండాల్సినవి

ఆర్‌సీ, లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం. డిజిలాకర్‌లోనో ఎం పరివాహన్‌లోనో ఉన్నవి చెల్లుతాయి, కానీ ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఒక జిరాక్స్ సెట్టు కూడా పెట్టుకోండి. సరుకు ఉంటే బిల్లు. చేతిలో పెద్ద మొత్తం ఉంటే బ్యాంకు చీటీ. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 రూపాయలు దాటిన నగదుకు ఆధారం తప్పనిసరిగా వెంట ఉండాలి. ఒక పెన్ను, నాలుగు తెల్లకాగితాలు. ఒక వకీలు నంబరు, ఇంట్లో ఒకరి నంబరు కాగితం మీద రాసి ఉంచండి. ఫోను మీ చేతిలో ఉండకపోవచ్చు.

బయలుదేరే ముందు

అసలు ప్రమాదం తనిఖీ గేటు దగ్గర మొదలవదు, బండి ఎక్కించే చోట మొదలవుతుంది. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి గంజాయి బయటికి వెళ్లే దారులు మనం పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ వెళ్లే దారులే. అందుకే అనుమానం అందరి మీదా పడుతుంది. "ఈ సంచి సాలూరులో మావాడు తీసుకుంటాడు, అందించండి" అని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. బంధువు తెచ్చినా విప్పి చూడండి. మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కింద సరుకు మీ దగ్గర దొరికితే, అది మీకు తెలిసే ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది. తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే. మామూలు నేరాల్లో ఇలా ఉండదు. సీట్లు అమ్ముకుని నడిపే డ్రైవరైతే ఎక్కిన ప్రతి మనిషి సంచిని అతని సీటు కిందే పెట్టించండి. సంచులన్నీ డిక్కీలో కుప్ప పోస్తే ఏది ఎవరిదో తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

పాత బండి అమ్మేసి ఆర్‌సీ పేరు మార్పించనివారు ఈ వారమే ఆ పని చేయండి. సరుకుతో ఆ బండి దొరికితే మొదటి ఫోను మీకే వస్తుంది.

మహారాష్ట్ర వైపు వారికి ఒక మాట. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. కాళేశ్వరం నుంచి వంతెన దాటి సిరొంచకు వెళ్లేటప్పుడు, తెలంగాణలో బిల్లుతో కొన్న సీసా కూడా కారులో ఉండకూడదు.

1. ఆపండి, దీపం వేయండి

యూనిఫాంలో ఉన్న పోలీసులు ఆపమంటే బండి ఆపాలి. ఇంజను కట్టేసి, లోపలి దీపం వేసి, చేతులు స్టీరింగు మీద పెట్టండి. మల్కన్‌గిరి వైపు చాలా ఏళ్లు భద్రతా దళాల గస్తీ ఉన్న ప్రాంతం. చీకట్లో హఠాత్తుగా డాష్‌బోర్డులో చేయి పెట్టకండి. "కాగితాలు తీస్తున్నాను సార్" అని చెప్పి తీయండి. ఎంత భయం వేసినా వెనక్కి తిప్పి పారిపోవద్దు. ఏ సరుకూ లేకుండా భయంతో పరుగెత్తినవారిని నేను చూశాను. వారి కేసులో ఆ పరుగే పెద్ద ఆధారమైంది.

2. ఎవరు ఆపారో తెలుసుకోండి

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లైసెన్సు అడిగితే చూపించాలి. పత్రాల తనిఖీ వేరు, సోదా వేరు. ఆర్‌సీ చూసే అధికారం ఉన్నంత మాత్రాన సంచులు విప్పే అధికారం దానంతట అది రాదు. గంజాయి అనుమానంతో సోదా చేయాలంటే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కానిస్టేబుల్ కంటే పై హోదాలో, ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి ఉండాలి. హోంగార్డు ఒక్కడే వచ్చి డిక్కీ తెరవమంటే "ఎస్‌ఐ గారు ఉన్నారా? వారి ఎదుట తెరుస్తాను" అనండి. ఎక్సైజ్, అటవీ, జీఎస్టీ శాఖలకు కూడా తమ తమ చట్టాల కింద సోదా అధికారం ఉంది. కాబట్టి "మీరు పోలీసు కాదు కదా" అని వాదించకండి. ఏ శాఖో అడిగి గుర్తుపెట్టుకోండి.

మఫ్టీలో ఉంటే గుర్తింపు కార్డు అడగండి. చూపించకపోతే అద్దం కొద్దిగా దించి ఉంచి 112కు ఫోను చేసి, మీరున్న చోటు చెప్పండి.

మాట తీరు కూడా ముఖ్యమే. ఒడిశా వైపు "ఆజ్ఞా" అని మొదలుపెడితే సగం వేడి తగ్గుతుంది. గౌరవంగా అడిగినంత మాత్రాన హక్కు తగ్గిపోదు.

3. కారణం అడగండి

"దేని గురించి వెతుకుతున్నారు సార్?" అన్న ఒక్క ప్రశ్న చాలు. సోదా, అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత. అది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో ‘స్థలం’ అనే మాటకు ఇల్లు, గుడారంతో పాటు వాహనం కూడా వస్తుంది. 185వ సెక్షన్ ప్రకారం దర్యాప్తులో సోదా చేసే అధికారి ఏ వస్తువు కోసం, ఎందుకు వెతుకుతున్నారో రాయాలి. ఆ రాత నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. ఆ నకలు మీరు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. రోడ్డు మీదే అది చేతికివ్వమని పట్టుబట్టకండి. అది తర్వాత తీసుకునే కాగితం. అక్కడ మీరు విన్న జవాబును గుర్తుంచుకుంటే సరిపోతుంది.

సొంత కారులో గంజాయి సోదాకు ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్ వర్తిస్తుందని 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అందిన సమాచారాన్ని రాతలో పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా సోదా చేస్తే, వారంటు తెచ్చే వ్యవధి ఎందుకు లేదో కూడా రాయాలి. బస్సు లాంటి ప్రజా వాహనానికి ఇంత కట్టడి లేదు.

4. ఒంటి సోదా వేరు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం మీ ఒంటిని సోదా చేసే ముందు, "గెజిటెడ్ అధికారి ఎదుట గానీ మేజిస్ట్రేటు ఎదుట గానీ సోదా చేయించుకునే హక్కు మీకు ఉంది" అని అధికారి మీకు చెప్పి తీరాలి. ఆ హక్కు చెప్పడం తప్పనిసరి అని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విజయ్‌సింగ్ చందూభా జడేజా కేసులో తేల్చింది. కారుకూ, చేతిలోని సంచికీ ఈ హక్కు వర్తించదు. జేబులు, ఒంటి మీది బట్టలకే.

మరి మోసం ఎక్కడంటే, ముందే టైపు చేసిన కాగితం ఒకటి ఇస్తారు. "నాకు హక్కు గురించి చెప్పారు, నాకు అక్కర్లేదు, మీరే సోదా చేయండి" అని అందులో ఉంటుంది. అది చాలాసార్లు ఒడియాలో ఉంటుంది. సంతకం పెడితే ఆ రక్షణ మీ చేతులారా వదులుకున్నట్టే. "నాకు గెజిటెడ్ అధికారి కావాలి" అనండి. ఆలస్యమవుతుందని భయపెట్టవచ్చు. ఆలస్యం కానివ్వండి.

స్త్రీని స్త్రీయే సోదా చేయాలి, మర్యాదకు భంగం లేకుండా చేయాలి. మహిళా కానిస్టేబుల్ లేకపోతే ఆమె వచ్చేదాకా ఆగాలి. మీ అమ్మ, భార్య, చెల్లెలు బండిలో ఉంటే ఈ మాట గట్టిగా చెప్పండి. ఇందులో సర్దుబాటు వద్దు.

5. మీ ఎదుటే జరిగేలా చూసుకోండి

సురక్షా సంహిత 103వ సెక్షన్ ప్రకారం సోదాకు కనీసం ఇద్దరు స్వతంత్ర సాక్షులను పిలవాలి, మీరూ అక్కడ ఉండవచ్చు. 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జాబితా రాయడాన్ని, సాక్షుల సంతకాలను ఫోనుతోనైనా వీడియో తీయాలి. ఆ వీడియోను జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. "వీడియో తీస్తున్నారా సార్?" అని వినబడేలా అడగండి. తీస్తుంటే ఆ ప్రశ్న రికార్డవుతుంది. తీయకపోతే, అడిగినా తీయలేదని మీ సాక్ష్యంలో చెప్పుకోవచ్చు.

డిక్కీ తెరిచే ముందు డబ్బు, నగలు, ఫోను అందరి ఎదుట మీ దగ్గరికి తీసుకోండి. ప్రయాణికులను కిందికి దించి, ఎవరి సంచి వారు పట్టుకోవాలని చెప్పండి. "ఇది నాది, అది ఆయనది" అని వీడియోలో వినబడాలి. తర్వాత కోర్టులో ఏడాది వాదించినా రాని స్పష్టత ఆ ఒక్క మాటతో వస్తుంది. అప్పుడు బండికి రెండు అడుగుల దూరంలో, చేతులు కట్టుకుని, చూస్తూ నిలబడండి. ఒకరు ముందు సీట్లు, ఇంకొకరు వెనక భాగం ఒకేసారి వెతుకుతుంటే "సార్, ఒకటి అయ్యాక ఒకటి చూడండి, నేను కూడా చూస్తాను" అని అడగండి.

మీరు వీడియో తీయవచ్చా? రోడ్డు మీద విధుల్లో ఉన్న పోలీసును తీయకూడదని చెప్పే సాధారణ చట్టం ఏదీ లేదు. అయినా నా సలహా, మీ పక్కవారితో కొంచెం దూరం నుంచి తీయించండి, మొహం మీద పెట్టి కాదు. భద్రతా శిబిరాల దగ్గర మాత్రం ఫోను బయటికి తీయకండి.

అర్ధరాత్రి అడవి దారిలో స్వతంత్ర సాక్షి దొరకకపోవచ్చు. సాక్షులు లేరన్న ఒక్క కారణంతో కోర్టు కేసు కొట్టేయదు. నియమం తప్పిన సోదాలో దొరికింది కూడా సాక్ష్యంగా చెల్లవచ్చని పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నాటి నుంచి ఉన్నదే. అందుకే "వాళ్లు తప్పు చేశారు కాబట్టి నాకేం కాదు" అనే ధీమా వద్దు. ప్రతి లోపం మీ వాదనకు బలమిస్తుంది, కానీ ఏ ఒక్క లోపమూ తనంతట తానే కేసును చంపదు.

6. జాబితా చదవకుండా సంతకం పెట్టకండి

ఆంధ్రలో దీన్ని మధ్యవర్తుల నివేదిక అంటారు, మహారాష్ట్రలో పంచనామా, ఒడిశాలో జప్తు జాబితా. పేరేదైనా మీ కేసంతా నిలబడేది దీని మీదే. మా పెదనాన్న కొడుకు ఒకసారి మూడు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాడు. "ఊరికే ఫార్మాలిటీ" అన్నారట. ఆ మూడింటినీ కోర్టులో ఎదుర్కోవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చూడాల్సినవి ఇవి. తేదీ, సోదా మొదలైన సమయం, ముగిసిన సమయం. బండి నంబరు. ఏ వస్తువు బండిలో ఏ చోట దొరికింది. "కారులో" అని రాస్తే చాలదు, "వెనక సీటు కింద, నీలం సంచిలో" అని ఉండాలి. పొట్లాలు ఎన్ని, తూకం ఎంత, ఎక్కడ తూచారు. తూకం దగ్గర తేలిగ్గా తీసుకోకండి. గంజాయి 1 కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణం అయితే బెయిలు దొరకడం చాలా కష్టం. సంచీ, తడి, కాడలతో కలిపి తూచారా లేదా అన్నది జీవితాన్ని మార్చే విషయం. కళ్లముందు తూచమనండి, తూకం అంకె మీరూ రాసుకోండి. సాక్షుల పేర్లు, ఊళ్లు. తీసుకున్న ఫోను, నగదు కూడా జాబితాలో ఉన్నాయా అన్నది. ఏమీ దొరకకపోతే ‘ఏమీ దొరకలేదు’ అని రాయించుకోవడం మేలు.

కాగితం ఒడియాలో ఉంటే "ముఁ ఓడియా పఢిపారే నాహిఁ" అని చెప్పండి. ఒడియా చదవడం రాదని దాని అర్థం. మరాఠీ అయితే "మలా మరాఠీ వాచతా యేత్ నాహీ". చదివి వినిపించమనండి. అయినా సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, సంతకం పైన మీ చేత్తో, తెలుగులోనే ఇలా రాయండి:

"ఈ కాగితం ఒడియాలో ఉంది. నాకు ఒడియా చదవడం రాదు. చదివి వినిపించలేదు. తేదీ, సమయం."

ఇది రాయడానికి పది సెకన్లు చాలు. ఖాళీ గడులు ఉంటే అడ్డంగా గీత కొట్టండి. పూర్తిగా ఖాళీ కాగితం అయితే సంతకం పెట్టకండి, కొట్టినా సరే. నకలు అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఇవ్వకపోతే ఫొటో తీసుకోనివ్వమని అడగండి.

7. మాటలు, ఫోను

పేరు, ఊరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి చెప్పండి. నేరం ఒప్పుకుంటున్నట్టు మాత్రం ఏమీ చెప్పకండి, రాయకండి. రాజ్యాంగం 20వ అధికరణ మీకు వ్యతిరేకంగా మీతోనే సాక్ష్యం చెప్పించకుండా కాపాడుతుంది. పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఎన్‌డీపీఎస్ అధికారుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు కూడా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసే లేకుండా "వాట్సాప్ చూపించు" అంటే "కేసు ఉంటే జాబితాలో రాసి తీసుకోండి సార్" అనండి.

8. ఠాణాకు రమ్మంటే

"నన్ను అరెస్టు చేస్తున్నారా?" అని అడగండి. అవునంటే, కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మనలాంటి సరిహద్దు మనుషులకు ఈ తీర్పు పెద్ద అండ. తెలుగులో ఇవ్వమని అడగండి. మీరు చెప్పిన ఒకరికి కబురు చేయాలి. విచారణ మధ్యలో వకీలును కలవనివ్వాలి. ప్రయాణ సమయం కాక 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయాలంటే ప్రత్యేక కారణం, మహిళా అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. వకీలు లేకపోతే 15100కు ఫోను చేయండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

9. "ఎంతో కొంత ఇచ్చేయ్" అంటే

ఇవ్వకండి. ఏమీ దొరకని చోట మీరు డబ్బిస్తే, ఏదో ఉందని మీరే ఒప్పుకున్నట్టు వారు లెక్క కడతారు. మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు మీ నంబరు గుర్తుంటుంది. చలాన్ అయితే రసీదు అడగండి. లంచం మీద ఫిర్యాదుకు ఒడిశా విజిలెన్స్, మహారాష్ట్ర ఏసీబీ రెండింటికీ 1064 నంబరు ఉంది.

10. బండి పట్టుకుపోతే

బండిని జాబితాలో రాయించండి. టైర్లు, బ్యాటరీ, స్టెప్నీ, మీటరు రీడింగు కూడా. ఏళ్లపాటు ఠాణా ఆవరణలో తుప్పు పట్టనివ్వకూడదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద మధ్యంతర విడుదలకు దరఖాస్తు వేయవచ్చు. ఎన్‌డీపీఎస్ కేసులో బండి ఇవ్వనే ఇవ్వరని అనేవారి మాట నమ్మకండి. అలాంటి నిషేధం ఏదీ లేదని 2025లో బిశ్వజిత్ దే కేసులో తేలింది. యజమానికి తెలియకుండా జరిగితే అవకాశం ఇంకా మెరుగు. అటవీ, ఎక్సైజ్ కేసుల్లో బండి జప్తు వ్యవహారం ఆ శాఖ అధికారి ఎదుటే నడుస్తుంది. నోటీసు రాగానే గడువులోగా జవాబు ఇవ్వాలి.

అదే రాత్రి, మరుసటి రోజు

వదిలేసిన వెంటనే, ఇంటికి వెళ్లకముందే, బండి పక్కకు ఆపి రాయండి. సమయం, చోటు, అధికారి పేరు, పోలీసు బండి నంబరు, సాక్షులు, ఎవరేమన్నారు. రాసింది ఫొటో తీసి ఇంట్లో ఒకరికి వాట్సాప్ చేయండి, దాంతో సమయం నమోదవుతుంది. దెబ్బలు తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని చీటీ తీసుకోండి. దారిలో సీసీ కెమెరా ఉన్న దుకాణాలు, పెట్రోలు బంకు ఏవో గుర్తుంచుకోండి. ఆ దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని వకీలు ద్వారా వెంటనే అడగాలి.

తర్వాత మీ దగ్గర ఉన్నవి సరిచూసుకోండి. జాబితా నకలు ఉందా? అందులోని తూకం మీరు రాసుకున్న తూకంతో సరిపోతుందా? సమయాలు కలుస్తున్నాయా? 185వ సెక్షన్ రాత నకలు కోసం దరఖాస్తు పెట్టారా? వీడియో మేజిస్ట్రేటుకు చేరిందో లేదో వకీలు కనుక్కున్నారా? ఏది లేకపోయినా రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి రాయండి, రసీదు జాగ్రత్త చేయండి. కారణం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికి ఎన్‌డీపీఎస్ చట్టం 58వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. ఆ ఫిర్యాదుకు బలమిచ్చేది ఆ రాత్రి మీరు రాసుకున్న కాగితమే.